నృగుడి ఆవు, సర్కారు పింఛను

నృగ మహారాజు కథ భాగవత దశమ స్కంధంలో ఉంది, భారతంలో అనుశాసన పర్వంలో ఉంది, రామాయణం ఉత్తరకాండలోనూ ఉంది. నృగుడు పేరుమోసిన దాత. ఆయన ఇచ్చిన గోవులకు లెక్కలేదు. ఒక బ్రాహ్మణుడికి ఇచ్చిన ఆవు దారితప్పి మళ్లీ రాజుగారి మందలోనే కలిసిపోయింది. ఆ సంగతి తెలియక రాజు దాన్నే మరొకరికి దానం చేశాడు. మొదటివాడు తన ఆవును ఆనవాలు పట్టాడు. ఇది నాదని ఒకరు, రాజు నాకిచ్చాడని ఇంకొకరు తగువుపడి ఇద్దరూ రాజు ముందుకు వచ్చారు. ఈ ఒక్క ఆవును వదులుకుంటే బదులుగా లక్ష ఆవులిస్తానని భాగవతంలో నృగుడు ఇద్దరినీ బతిమాలతాడు. ఇద్దరూ కాదంటారు. ఆ చిక్కు తీరకుండానే నృగుడు పోయి, ఊసరవెల్లిగా పుట్టి, నీళ్లు లేని బావిలో పడి, కృష్ణుడి చేయి తగిలేదాకా అక్కడే ఉంటాడు. ఇందులో నృగుడికి దురుద్దేశం లేదు, పొరపాటున ఇచ్చాడు. పుచ్చుకున్నవాడికీ దురుద్దేశం లేదు, రాజు ఇస్తే తీసుకున్నాడు. అయినా శిక్ష రాజుకే పడింది. పుచ్చుకున్నవాణ్ని పురాణం ఒక్క మాట కూడా అనలేదు. రాజుకు సైన్యం ఉంది, భటులున్నారు. రెండో బ్రాహ్మణుడి కొట్టంలోంచి ఆవును తోలుకు రావడం ఆయనకు క్షణం పని. ఆ పని చేయకుండా బతిమాలుకున్నాడు.

మన కాలంలో ప్రతి సంక్షేమ ప్రభుత్వమూ రోజూ నృగుడి చిక్కులోనే పడుతోంది. కోట్లమందికి పింఛన్లు, భత్యాలు ఇచ్చేచోట ఎవరికో ఎక్కువ వెళ్తుంది, అర్హత లేనివారికి ఏళ్ల తరబడి వెళ్తుంది. తర్వాతెప్పుడో లెక్క సరిచూసినప్పుడు అది బయటపడుతుంది. అప్పుడు ప్రభుత్వాలు చేసే పని దాదాపు ఒకటే. ఎక్కువ వెళ్లిన డబ్బును బాకీగా రాసి, ఆ మనిషికి వచ్చే సాయంలోంచి నెలనెలా కోసుకుంటాయి. ఆ సాయం ఆగిపోయి ఉంటే అదే మనిషికి వేరే పద్దు కింద వచ్చే సాయంలోంచి కోసుకుంటాయి. పైకి ఇది లెక్కల సర్దుబాటులా కనిపిస్తుంది. లోపల ఒక ధర్మసందేహం ఉంది. ఇచ్చినవాడి పొరపాటు పుచ్చుకున్నవాడికి రుణం అవుతుందా? అయినా, ఆ రుణాన్ని అతని అన్నంలోంచి తీర్చుకునే అధికారం ఇచ్చినవాడికి ఉంటుందా? ఉండదనే ఈ వ్యాసం వాదన.

ఈ పద్ధతి బాగా ముదిరింది అమెరికాలో. అక్కడ సోషల్ సెక్యూరిటీ సంస్థ రెండు రకాల డబ్బు ఇస్తుంది. మొదటిది, ఉద్యోగకాలంలో పన్ను కట్టినవారికి వచ్చే వృద్ధాప్య, వైకల్య పింఛను. రెండోది ఎస్‌ఎస్‌ఐ అనే సాయం, ఏ ఆధారమూ లేని వృద్ధులకు, అంధులకు, వికలాంగులకు 1974 నుంచి ఇస్తున్నది. రెండూ వేర్వేరు నిధుల నుంచి వస్తాయి, వేర్వేరు అవసరాలకు పుట్టాయి. అయితే ఎస్‌ఎస్‌ఐలో ఎక్కువ వెళ్లిన డబ్బును పింఛనులోంచి రాబట్టుకునే దారి 1998 నాటి చట్టం తెరిచింది, 2004లో దాన్ని ఇంకా వెడల్పు చేశారు. కోత ఎంత ఉండాలన్నది ఏలినవారి మనసును బట్టి మారుతూ వచ్చింది. పింఛనులో బాకీ తేలితే బాకీ తీరేదాకా నెల చెక్కు మొత్తం ఆపేయడం చాలాకాలం అక్కడ మామూలు. 2024 మార్చిలో అప్పటి కమిషనర్ మార్టిన్ ఒమాలీ దాన్ని 10 శాతానికి తగ్గించారు. ఏడాది తిరిగేసరికి కొత్త యంత్రాంగం మళ్లీ నూరు శాతం అంది, విమర్శలు వచ్చాక 2025 ఏప్రిల్‌లో 50 శాతం దగ్గర ఆగింది. ఒకే తప్పుకు, ఒకే మనిషికి, పద్నాలుగు నెలల లోపల మూడు రకాల శిక్షలు. బ్రిటన్‌లోనూ ఇదే వరస. యూనివర్సల్ క్రెడిట్ అనే సంక్షేమ సాయపు మూల భత్యంలో నాలుగో వంతు దాకా సాగిన కోతల పరిమితిని 2025 ఏప్రిల్‌లో 15 శాతానికి దించారు. ధర్మం ప్రకారం రాబట్టవలసిన రుణమే అయితే దాని పద్ధతి గద్దె మీద ఎవరున్నారన్న దాన్ని బట్టి ఇలా ఊగిసలాడదు.

అసలు ఈ ఎక్కువ చెల్లింపులు ఎలా పుడతాయో దగ్గరికి వెళ్లి చూడాలి. ఎస్‌ఎస్‌ఐ అందుకునే ఒంటరి మనిషి దగ్గర ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. ఈ హద్దు 1989లో గీసింది, ఇప్పటికీ అంతే ఉంది. ఈలోగా అక్కడ బియ్యం ధర పెరిగింది, ఇంటద్దె పెరిగింది, ఈ అంకె మాత్రం కదలలేదు. ప్రతి నెలా మొదటి తేదీ మొదటి క్షణానికి లెక్క చూస్తారు. ఆ క్షణాన 2,000 మీద ఒక్క డాలర్ ఉన్నా ఆ నెలంతా అనర్హతే. 2025లో ఈ సాయం నెలకు అత్యధికంగా 967 డాలర్లు. అంటే ఒక్క డాలర్ ఎక్కువ దాచుకున్నందుకు 967 డాలర్ల బాకీ. ఈ సంగతి ఆ నెలలోనే తేలదు, ఏడాదికో రెండేళ్లకో తేలుతుంది. ఈలోగా హద్దు దాటిన ప్రతి నెలా బాకీలో చేరుతుంది. చలికాలానికని కాస్త కూడబెట్టుకున్న వికలాంగుడికి ఒక ఉదయం వేల డాలర్ల బాకీ ఉందని ఉత్తరం వస్తుంది. బ్రిటన్‌లో మంచాన పడ్డవారిని చూసుకునేవారికి ఇచ్చే కేరర్స్ అలవెన్స్ కూడా ఇలాంటి కొండ అంచు మీదే నడిచింది. 2024లో వారానికి 151 పౌండ్ల సంపాదన హద్దును ఒక్క పౌండ్ దాటితే, ఆ వారం భత్యం 81.90 పౌండ్లూ పూర్తిగా పోయేవి. అలాంటి వారాలు పేరుకుపోయి ఎందరో వేల పౌండ్ల బాకీదార్లయ్యారు. వీటిలో అత్యాశ ఎక్కడుందో, దొంగతనం ఎక్కడుందో నాకు కనిపించదు. పేదవాడు తూచలేనంత సన్నని గీత గీసి, దాన్ని దాటాడా లేదా అన్నది ఏళ్ల తర్వాత చూసే ఏర్పాటు ఇది. తప్పు ఆ ఏర్పాటు కడుపులోనే పుట్టింది.

ఇప్పుడు అసలు వాదనకు వస్తాను. బాకీని మరో చెల్లింపులో సర్దుకోవడం సమానుల మధ్య చెల్లుతుంది. కిరాణా కొట్టువాడికీ మనకూ ఖాతా ఉన్నప్పుడు, నిన్న పొరపాటున ఎక్కువిచ్చిన చిల్లరను ఇవాళ్టి బిల్లులో కలుపుకుంటే ఎవరూ తప్పుపట్టరు. అతని సరుకూ మన డబ్బూ ఒకే జాతి లెక్క, ఒకటి మరొకదాన్ని కొట్టేస్తుంది. ఆధారం లేని మనిషికి రాజ్యం ఇచ్చే తిండి ఖర్చు ఆ జాతి లెక్క కాదు. అతను దానికి బదులుగా ఏమీ ఇవ్వలేదు, ఇవ్వాలని ఎవరూ అడగలేదు. అతనికి ఆకలి ఉంది కాబట్టి, తీర్చే శక్తి రాజ్యానికి ఉంది కాబట్టి ఆ సాయం పుట్టింది. ఈ నెల ఆకలికి ఈ నెల సాయం. పోయిన ఏడాది ఎక్కువ తిన్నావు గనుక ఈ నెల తక్కువ తిను అనడంలో అర్థం లేదు, పోయిన ఏడాది తిన్నది ఈ నెల ఆకలిని తీర్చదు. వేరే పద్దులోంచి కోసేటప్పుడు ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ముసలితనానికని ఇచ్చే పింఛను ముసలితనం ఉన్నంతకాలం అవసరం. వైకల్యపు పద్దులో ఎప్పుడో జరిగిన తప్పు ఆ ముసలితనాన్ని ఒక్క రోజు కూడా తగ్గించలేదు. రాజ్యానికి రావలసిన బాకీ ఒక హక్కు. ఆకలిగొన్నవాడికి పెట్టడం రాజ్యం బాధ్యత. హక్కును వదులుకోవడం హక్కుదారు ఇష్టం, బాధ్యతను మాత్రం తన హక్కుతో కొట్టేసుకోవడానికి వీల్లేదు. ఈ తేడాను మతాలన్నీ ఎప్పుడో గుర్తించాయి. అప్పిచ్చినవాడు తిరగలి రాయిని తాకట్టు పెట్టుకోకూడదని, పేదవాడి పైబట్టను తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేలోగా తిరిగి ఇచ్చేయాలని బైబిల్ పాత నిబంధన శాసిస్తుంది. అప్పుపడ్డవాడు కష్టంలో ఉంటే వెసులుబాటు వచ్చేదాకా ఆగాలని, వదిలేస్తే ఇంకా మేలని ఖురాన్ రెండో అధ్యాయం చెబుతుంది. ఇవి నిజంగా చేసిన అప్పుల గురించి పెట్టిన నియమాలు. చేయని అప్పు విషయంలో ఇంతకంటే కఠినంగా ఉండటానికి ఏ ధర్మం ఒప్పుతుంది?

ఎస్‌ఎస్‌ఐలోంచి కోత పది శాతమే కదా, అదేమంత బరువు అనేవారున్నారు. 967లో పది శాతమంటే దాదాపు 97 డాలర్లు. అమెరికా ప్రభుత్వమే 2025కి ఒంటరి మనిషి పేదరిక రేఖను ఏడాదికి 15,650 డాలర్లుగా ప్రకటించింది. పూర్తి ఎస్‌ఎస్‌ఐ ఏడాదికి 11,604 డాలర్లు, అంటే ఆ రేఖలో నాలుగింట మూడు వంతులు కూడా లేదు. బతకడానికి చాలదని తానే ఒప్పుకున్న మొత్తంలోంచి రాజ్యం పదో వంతు వెనక్కి తీసుకుంటోంది.

అమెరికా చట్టానికి ఈ ధర్మసూక్ష్మం తెలియక కాదు. 1939లోనే సోషల్ సెక్యూరిటీ చట్టంలో ఒక వాక్యం చేర్చారు. పుచ్చుకున్నవాడి తప్పు లేనప్పుడు, వసూలు చేయడం ఆ చట్టం ఉద్దేశాన్నే దెబ్బతీసేదైతే, లేదా న్యాయానికీ మనస్సాక్షికీ విరుద్ధమైతే, వసూలు చేయకూడదన్నది దాని సారాంశం. మనస్సాక్షి అన్న మాట పన్నుల చట్టాల్లో, ఖాతాల నిబంధనల్లో సాధారణంగా కనబడదు. ఇక్కడ కనబడింది. ఆ మాట కాగితం మీద ఉన్నా చాలాకాలం అధికారులు దరఖాస్తు చూసి లోపలే తేల్చేసేవారు. 1979లో కలిఫానో వర్సెస్ యమసాకి కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. బాకీ మాఫీ అడిగిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వినకుండా కోత మొదలుపెట్టకూడదని తీర్పిచ్చింది. జస్టిస్ హ్యారీ బ్లాక్‌మన్ రాసిన ఆ తీర్పులో ఒక సున్నితమైన విభజన ఉంది. లెక్క తప్పా ఒప్పా అన్నది కాగితాలు చూసి తేల్చవచ్చు. ఈ మనిషి తప్పు చేశాడా, ఇతని దగ్గర వసూలు చేయడం న్యాయమా అన్నది మాత్రం మనిషిని చూడకుండా, అతని మాట వినకుండా తేలదు.

ఇక్కడే రామాయణంలోని నృగుడు గుర్తొస్తాడు. ఉత్తరకాండలో కథ వేరేలా నడుస్తుంది. ఆవు పోగొట్టుకున్న పేద బ్రాహ్మణుడు ఎక్కడెక్కడో వెతికి, ఒక ఇంటి దగ్గర దాన్ని చూసి, శబలా అని పేరు పెట్టి పిలుస్తాడు. ఆవు అతని వెంట నడిచి వచ్చేస్తుంది. తగువు తీర్చుకోవడానికి ఇద్దరూ రాజద్వారం దగ్గరికి వెళ్లి రోజుల తరబడి రాత్రింబవళ్లు వేచి ఉంటారు. రాజు దర్శనం దొరకదు. అప్పుడు కోపించి శపిస్తారు. అంటే ఈ కథనంలో నృగుణ్ని ఊసరవెల్లిని చేసింది తప్పుగా ఇవ్వడం కాదు, తప్పు జరిగాక వినకపోవడం. పైగా రాముడు ఈ కథను లక్ష్మణుడికి చెప్పే సందర్భం కూడా అదే. నాలుగు రోజులుగా పౌరుల పనులు చూడలేకపోయానే అని నొచ్చుకుంటూ చెబుతాడు. వినకపోవడం ఎంత దూరం వెళ్తుందో ఆస్ట్రేలియా చూపించింది. 2015లో మొదలై తర్వాత రోబోడెట్ పేరుతో అపఖ్యాతి పాలైన పథకంలో, ఏడాది ఆదాయాన్ని పక్షాలకు సమానంగా పంచేసి, ఆ సగటును బట్టి యంత్రమే బాకీలు తేల్చింది. నెలకో రకంగా పని దొరికే కూలీలకు ఆ సగటు ఏ పక్షానికీ సరిపోదు. బాకీ లేదని నిరూపించుకునే భారం పాత జీతం చీటీలు వెతుక్కోవలసిన పేదలమీద పడింది. 2019లో ఫెడరల్ కోర్టులో ఆ పద్ధతి చట్టవిరుద్ధమని ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది. కేథరిన్ హోమ్స్ రాయల్ కమిషన్ 2023 జులైలో నివేదిక ఇచ్చింది. బాకీ నోటీసులు అందుకుని ప్రాణాలు తీసుకున్న యువకుల తల్లులు ఆ కమిషన్ ముందు కూర్చుని సాక్ష్యం చెప్పారు. చనిపోయినవారి మాట అలా ఆలస్యంగా వినిపించింది.

మన దగ్గరికి వస్తే, 2024 జులైలో తెలంగాణలో ఆసరా పింఛనుతో పాటు ప్రభుత్వోద్యోగి కుటుంబానికి వచ్చే పింఛను కూడా అందుకుంటున్నవారికి నోటీసులు వెళ్లాయి. రెండూ కలిసి తీసుకోవడానికి నిబంధనలు ఒప్పవు. పక్షవాతంతో ఉన్న ఒక వృద్ధురాలిని లక్షా 70 వేలకు పైగా తిరిగి కట్టమన్నారు. నెలకు 2,016 రూపాయల లెక్కన అది దాదాపు ఏడేళ్ల పింఛను. ఒక పింఛను ఇస్తున్నదీ, రెండో పింఛను ఇస్తున్నదీ ఒకే రాష్ట్ర ఖజానా. ఆ రెండు పద్దులు ఏడేళ్లు ఒకదాన్నొకటి చూసుకోలేదు. ఆ తప్పుకు వెల కట్టి ఒక మంచానికి అంటించారు. గొడవ జరిగాక, మార్గదర్శకాలు వచ్చేదాకా వసూళ్లు ఆపమని ప్రభుత్వం కలెక్టర్లకు చెప్పింది. అది మంచి నిర్ణయమే, నేను దాన్ని తక్కువ చేయను. నాకు బాధ కలిగించేది వేరే. ఇలాంటి సందర్భంలో ఏం చేయాలో మన సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పి ఉంది, కానీ ఉద్యోగుల విషయంలో చెప్పింది. 2014 డిసెంబరు 18న పంజాబ్ రాష్ట్రం వర్సెస్ రఫీక్ మసీహ్ కేసులో జస్టిస్ ఖేహర్, జస్టిస్ అరుణ్ మిశ్రా ఐదు సందర్భాలు గుర్తించారు. కింది తరగతి ఉద్యోగుల దగ్గర, రిటైరైనవారి దగ్గర, ఏడాదిలోపు రిటైరవబోయేవారి దగ్గర ఎక్కువిచ్చిన జీతం వసూలు చేయకూడదు. ఐదేళ్లకు మించి ఎక్కువ చెల్లించి ఉంటే వసూలు చేయకూడదు. పై స్థాయి పని చేయించుకుని దానికి తగ్గట్టు ఇచ్చిన జీతం వెనక్కి అడగకూడదు. వసూలు వల్ల పడే దెబ్బ యజమాని హక్కును మించిపోయే ఏ సందర్భంలోనైనా అడగకూడదు. 2022లో థామస్ డేనియల్ కేసులో, జస్టిస్ అబ్దుల్ నజీర్‌తో కూడిన ధర్మాసనం రిటైరైన కేరళ ఉపాధ్యాయుడి విషయంలో ఇదే దారిన నడిచింది. ఇది ఉద్యోగి హక్కు అని కోర్టు అనలేదు, కష్టం నుంచి తప్పించే న్యాయదృష్టి అంది. నెలజీతం, పీఎఫ్, రిటైర్మెంటు సొమ్ము ఎరిగిన గుమాస్తాకు దొరికిన ఈ దయ, ఉద్యోగమనేదే ఎరగని ముసలమ్మకు ఇంకా ఎక్కువగా దొరకాలి. నోటీసు రాసిన చేతికి ఆ తీర్పు గుర్తు రాలేదు.

అయితే ఎదుటి పక్షం మాట తేలికగా తీసిపారేయదగ్గది కాదు. అదే సుప్రీంకోర్టు 2012లో చండీప్రసాద్ ఉనియాల్ కేసులో గట్టిగా చెప్పింది. ఇది పన్ను కట్టే ప్రజల డబ్బు, ఇచ్చిన అధికారిదీ కాదు, తీసుకున్నవాడిదీ కాదు, కనుక తప్పుగా వెళ్లింది తిరిగి రావాల్సిందే అని. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను కూడా పొరపాటున అందినదాన్ని తిరిగి ఇచ్చేయమనే అంటుంది. వాదన నిజమే, ప్రజల సొమ్ముకు కాపలా ఉండాలి. ఆ వాదన తనకు తెలియకుండానే ఒక ప్రశ్న లేవదీస్తుంది. ప్రజల సొమ్ము పోయిన నష్టాన్ని ప్రజలందరూ కలిసి మోయాలా, వాళ్లలో అందరికంటే బలహీనుడైన ఒక్కడు మోయాలా? లక్షా 70 వేలు రాష్ట్రమంతా మోస్తే తలకు పైసా కూడా పడదు. ఒక్క మనిషి మోస్తే ఏడేళ్ల తిండి. ఖజానా ప్రజలది అన్న కారణంతోనే ఖజానా పొరపాటు కూడా ప్రజలది కావాలి. పింఛనుతో బతికే ఆ ముసలమ్మ కూడా ప్రజల్లో ఒకతె, తన వంతు పొరపాటు ఆమె కూడా మోస్తుంది, అందరి వంతూ ఎందుకు మోయాలి? మిగులు ఉన్నవాడి దగ్గర ఈ వాదన పూర్తిగా చెల్లుతుందని ఒప్పుకుంటాను. ఎక్కువ వచ్చిన డబ్బు ఇంకా బ్యాంకులో పడి ఉంటే, తీసుకునేవాడికి వేరే గట్టి ఆదాయం ఉంటే, అడగడంలో అన్యాయం లేదు. 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో, ఎక్కువ వస్తే తిరిగి కడతానని ముందే రాసిచ్చిన న్యాయాధికారి దగ్గర వసూలు చేయడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. మాట ఇచ్చినవాడికీ, మోయగలిగినవాడికీ అది సబబే.

ఇంకో అభ్యంతరం మన సంప్రదాయం లోపలి నుంచే వస్తుంది, నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది అదే. నారద స్మృతి చెల్లని దానాలను పదహారు రకాలుగా లెక్కిస్తుంది. భయంతో, కోపంతో, దుఃఖంతో ఇచ్చినవి, లంచంగా ఇచ్చినవి, వేళాకోళానికి ఇచ్చినవి, మోసపోయి ఇచ్చినవి, పసివాడూ మత్తులో ఉన్నవాడూ పిచ్చివాడూ ఇచ్చినవి అందులో ఉన్నాయి. పొరపాటున ఇచ్చినవీ, అపాత్రుణ్ని పాత్రుడనుకుని ఇచ్చినవీ కూడా ఉన్నాయి. ఇంత స్పష్టంగా శాస్త్రం ఉండగా నృగుడి కథను పట్టుకోవడం ఏం న్యాయం అని అడగవచ్చు. ఆ జాబితాను మళ్లీ చదవాలి. అందులో దాతలందరూ దాదాపుగా నిస్సహాయులే: భయపడ్డవాడు, మోసపోయినవాడు, మతి తప్పినవాడు, చిన్నపిల్లవాడు. ఇచ్చినవాడు బలహీనుడై, పుచ్చుకున్నవాడు ఆ బలహీనతను వాడుకున్న చోట ధర్మశాస్త్రం దాత పక్షాన నిలబడింది. సర్కారుకు గుమాస్తాలున్నారు, కంప్యూటర్లున్నాయి, ఎవరి ఖాతాలో ఏ పద్దు కింద ఎంత పడుతోందో ఒక్క బటన్‌తో చూసుకునే వీలుంది. అలాంటి దాత మతి చెదిరినవాడి పక్కన నిలబడి ఆ రక్షణ అడగలేడు. ఇక రెండో విమర్శ. నృగుడి కథ బ్రాహ్మణ ఆస్తికి కాపలా కాసే కథే కదా, భాగవతంలో చివర కృష్ణుడు చెప్పేదంతా బ్రాహ్మణుల సొత్తు ముట్టవద్దనే కదా? అవును. ఆ కాలం ఆ రక్షణను ఒక వర్ణానికే ఇచ్చింది. తెలుగు నేల మీద దొరికిన ఎన్నో తామ్రశాసనాల చివర, తాను ఇచ్చిందైనా ఇతరులు ఇచ్చిందైనా ఆ భూమిని వెనక్కి లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడన్న శాపం చెక్కి ఉంటుంది. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం రాజుకు తగదన్న పట్టింపు అప్పట్లో అగ్రహారాల చుట్టూ గోడలా నిలిచింది, మాలపల్లె దాకా ఎన్నడూ రాలేదు. ఆ రక్షణ కొందరికే దక్కడం అన్యాయం. ఆ అన్యాయానికి మందు దాన్ని అందరి దగ్గరా తీసేయడం కాదు, ఎవరికి దక్కలేదో వాళ్లకి ముందుగా ఇవ్వడం.

మరి పుచ్చుకున్నవాడికి ధర్మం లేదా? తనది కానిది తెలిసి ఉంచుకోవచ్చా? ఉంచుకోకూడదు. పరుల సొమ్ము మీద ఆశపడవద్దని ఉపనిషత్తుల దగ్గర్నుంచి ఊళ్లో పెద్దల దాకా చెబుతూనే ఉన్నారు, అది రాజుకూ పేదకూ ఒకటే. ఒకరు తమంతట తాముగా, ఎక్కువ వచ్చిందని వెళ్లి చెప్పి తిరిగి ఇస్తే ఆ పని గొప్పది. కానీ నేను ఏం తిరిగి ఇవ్వాలన్నది నా ధర్మం. రాజ్యం ఏం అడగవచ్చన్నది రాజ్యం ధర్మం. మొదటిది ఉందని రెండోది దానంతటదే పుట్టదు. పేదవాడి నిజాయితీని ఆసరాగా చేసుకుని తన అశ్రద్ధను పూడ్చుకునే పాలకుడు ధర్మం మాట్లాడుతున్నట్టు కనిపిస్తాడు, చేసేది మాత్రం తన బరువును పక్కవాడి నెత్తిన పెట్టడమే. మోసం చేసి తీసుకున్నవాడి సంగతి వేరు. దొంగ కాగితాలు పెట్టినవాడు, చచ్చిపోయినవారి పేరుతో పింఛను తీసుకున్నవాడు, ఆస్తి దాచి అర్హుణ్నని చెప్పుకున్నవాడు దొంగే. అతని దగ్గర రాబట్టాలి, కేసూ పెట్టాలి. కానీ దొంగను దొంగ అని రుజువు చేయాల్సింది రాజ్యం. ఇప్పటి పద్ధతుల్లో ఎక్కువ భాగం ముందే అందరినీ బాకీదార్లుగా రాసి, కాదని నిరూపించుకునే పని పింఛనుదారుకు వదిలేస్తున్నాయి. వసూలు చేయకపోతే జనం అశ్రద్ధగా తయారవుతారని, అడ్డమైనవాళ్లూ దరఖాస్తు పెడతారని భయపడేవారికి నా జవాబు ఒకటే. 2,000 డాలర్ల హద్దును ముప్పై అయిదేళ్లకు పైగా కదపని ప్రభుత్వం అశ్రద్ధ ముందు, నెల మొదటి తేదీన బ్యాంకు ఖాతా చూసుకోలేకపోయిన వికలాంగుడి అశ్రద్ధ ఎంత? ఎవరి అశ్రద్ధకు శిక్ష పడితే తప్పులు తగ్గుతాయో వాళ్లకే శిక్ష పడాలి. ఎక్కువ చెల్లింపు ఖజానాకు నష్టంగానే మిగిలితే, పద్దులను ఒకదానితో ఒకటి సరిచూసుకునే శ్రద్ధ ఖజానాకు వస్తుంది. ఎప్పుడో వెనక్కి కోసుకోవచ్చన్న ధీమా ఉన్నంతకాలం ఆ శ్రద్ధ రాదు. 2014లో అమెరికాలో, ఎప్పుడో తల్లిదండ్రులకు ఎక్కువ వెళ్లిందన్న పేరుతో పెద్దయిన పిల్లల ఆదాయపు పన్ను రిఫండ్లు పట్టేసుకుంటున్న సంగతి బయటపడి, పదేళ్లు దాటిన పాత బాకీలను అలా రాబట్టడం ఆపుకోవలసి వచ్చింది. కొడుకు తండ్రి అప్పు తీర్చాలన్న మన పాత ధర్మశాస్త్రం కూడా జూదానికీ తాగుడుకూ చేసిన అప్పులు కొడుక్కి అంటవని మినహాయించింది. గుమాస్తా తప్పును రెండో తరానికి అంటించాలని అందులో ఎక్కడా లేదు.

తెలంగాణ ప్రభుత్వం ఆసరా విషయంలో మార్గదర్శకాలు రాస్తామని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ నెలకు 4,000 రూపాయల భరోసా పింఛను మీద లక్షల కుటుంబాలు ఆధారపడ్డాయి, రేపు అక్కడా ఇదే సమస్య రావచ్చు. రెండు ప్రభుత్వాలకూ, వాటికి సలహాలిచ్చే అధికారులకూ నా విన్నపం ఇది. రఫీక్ మసీహ్ తీర్పులో ఉద్యోగులకు ఇచ్చిన ఐదేళ్ల హద్దును సామాజిక పింఛన్లకు నిబంధనల్లోనే రాయండి. మోసం రుజువైతే తప్ప ఒక పింఛను బాకీని మరో పింఛనులోంచి కోయడాన్ని నిషేధించండి. నోటీసు పంపే ముందు మండలాఫీసు మనిషి ఆ ఇంటికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని, ఆ మనిషి చెప్పేది విని రాసుకురావాలని ఉత్తర్వు ఇవ్వండి. అనర్హులైతే వచ్చే నెల నుంచి ఆపండి, తినేసిన నెలల జోలికి వెళ్లకండి.